ఫ్రేమ్‌లోంచి ఏం తీసేస్తున్నాం? ఒక ఫోటో ప్రాజెక్ట్ డైరీ

ఈ ప్రాజెక్ట్ ఏంటో ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా. ప్రయాణాల్లో నేను చెట్లు, నీళ్లు, కొండలు, పక్షులు తీస్తుంటా, తీసే ప్రతిసారీ ఏదో ఒక నమ్మకంతోనే తీస్తున్నా, ఆ నమ్మకం నాదా, నాకు ఫోటోగ్రఫీ నేర్పినవాళ్లదా, ఆ చోట బతికేవాళ్లదా అన్నది తేల్చుకోవాలి. వ్యాసం రాసి కాదు, అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లి, లెన్స్ మార్చి, నిలబడే చోటు మార్చి, షటర్ స్పీడ్ మార్చి తేల్చుకోవాలి. చేసింది చేసినట్టు రాసుకుంటూ పోతున్నా, ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని.

పాత ఫోల్డర్లు

కొత్తగా ఏదీ తియ్యకముందు పాతవన్నీ ముందేసుకుని కూచున్నా. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోదానికి ట్యాగ్ పెట్టుకుంటూ పోయా: మనిషి ఉన్నారా, మనిషి చేసిన వస్తువేదైనా ఉందా, మొక్కుకో పూజకో సంబంధించిన గుర్తు ఉందా, అసలేదీ లేదా. ఆ చివరి ట్యాగే పెరిగిపోతూ వచ్చింది. అక్కడ మనుషులు లేక కాదు, ఒక జలపాతం దగ్గరైతే జనం కిటకిటలాడిపోతున్నారు, నేను ట్రైపాడ్ పక్కన కాచుక్కూచుని వాళ్లందరూ పక్కకి జరిగాక తీసిన ఫోటో అది. జెండా అడ్డొస్తే క్రాప్ చేశా, రాయి మీద బొట్టు కనిపిస్తే హీలింగ్ బ్రష్ (మచ్చలు చెరిపే టూల్) తిప్పేశా. అవి చెడ్డ ఫోటోలు కావు, కొన్ని ఇప్పటికీ నాకు చాలా ఇష్టం. కానీ వరసగా చూస్తుంటే వాటన్నిటి వెనకా ఒకే మాట ఉన్నట్టు తెలుస్తోంది: ప్రకృతి అంటే మనిషి లేని చోటు.

ఈ మాట నాకెవరూ నోటితో చెప్పలేదు. ఫోటోగ్రఫీ నేర్చుకునే మొదట్లోనే ఫ్రేమ్ శుభ్రంగా ఉంచు, డిస్ట్రాక్షన్స్ తీసెయ్ అంటారు, కంపోజిషన్‌కి అది అవసరమే, కాదనను. అయితే ఏది డిస్ట్రాక్షన్, ఏది సబ్జెక్ట్ అని ముందే ఎవరో తేల్చి మన చేతికిచ్చారు కదా, ఆ ఎవరో ఎవరా అని వెనక్కి వెళ్తే 1861 దాకా పోవాల్సొచ్చింది.

ఆ ఏడాది కార్లటన్ వాట్కిన్స్ అనే ఫోటోగ్రాఫర్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకి 18 బై 22 అంగుళాల గాజు పలకలు పట్టే కెమెరాతో వెళ్లాడు. అప్పటి పద్ధతి వెట్ కొలోడియన్, అంటే గాజు మీద మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే డెవలప్ చేసెయ్యాలి, కాబట్టి చీకటి గుడారం కూడా వెంట ఉండాల్సిందే. 1864 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు లింకన్ ఆ లోయని కాపాడే చట్టం మీద సంతకం పెట్టడానికి ఈ ఫోటోలు కూడా ఒక కారణమని చెప్తారు. ఫోటోల పుణ్యమా అని ఒక లోయ మిగిలిందంటే ఆ మనిషికి దండం పెట్టాలనే అనిపిస్తుంది నాకు. కాకపోతే ఆ లోయలో అహ్వానీచీ అనే జనం తరతరాలుగా ఉంటున్నారు, వాట్కిన్స్ రావడానికి పదేళ్ల ముందే, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వాళ్లని తరమడానికి అక్కడ అడుగుపెట్టింది. ఫోటోల్లో కనిపించే ఆ ఖాళీకి ముందు ఇంత కథ ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మందు నీలం వెలుగుకి మరీ తొందరగా స్పందిస్తుంది, అందుకని నీలాకాశం మబ్బు కూడా లేకుండా తెల్లగా వచ్చేది, ఎక్స్‌పోజర్ చాలాసేపు ఉంచాలి కాబట్టి పారే నీళ్లు నున్నగా వచ్చేవి. అంటే ఆ ఫోటోలు చూసి మనం దివ్యమైన ప్రశాంతత అనుకునేదాంట్లో కొంత కెమిస్ట్రీ. వాళ్లకి వేరే దారి లేక అలా వచ్చినదాన్ని మనం ఇవాళ ఫిల్టర్లు కొని మరీ తెప్పించుకుంటున్నాం, అదే ప్రకృతి అసలు రూపం అనుకుంటూ.

అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అంటే నాకు ప్రాణం, ఆయన ప్రింట్లు చూసే నేను బ్లాక్ అండ్ వైట్ మొదలుపెట్టా. 1944లో లోన్ పైన్ ఊరి దగ్గర ఆయన తీసిన శీతాకాలపు సూర్యోదయం ఫోటో ఒకటుంది, వెనక మంచు కొండలు తెల్లగా, మధ్యలో నల్లటి గుట్ట, కింద ఎండ పడిన చిన్న ముక్కలో గుర్రం. ఆ నల్లటి గుట్ట మీద ఊరి హైస్కూలు పిల్లలు తెల్ల సున్నంతో ఊరి పేరులోని రెండు పెద్ద అక్షరాలు రాశారు. ఆడమ్స్ వాటిని నెగెటివ్ మీద, ప్రింట్ మీద చెరిపేశాడు, ఆ సంగతి దాచలేదు కూడా, తనే రాసుకున్నాడు. ఎక్కువమంది ఆయన చేసింది కరెక్టే అంటారు, ఫోటోగా చూస్తే నేనూ అంటా. కానీ ఆ పిల్లలకి ఆ గుట్ట తమది, తమదని పైకెక్కి రాసుకున్నారు, ఆయనకి ఆ గుట్ట ఎవరిదీ కాదు. రెండూ నమ్మకాలే. ప్రాజెక్ట్‌కి రూల్ నంబర్ వన్ అక్కడే రాసుకున్నా: చెరిపే ముందు, చెరుపుతున్నది ఎవరిదో తెలుసుకోవాలి.

చెట్టు

మొదట చెట్టుతో మొదలుపెట్టా, అది ఎక్కడికీ పోదు కదా, మళ్లీ మళ్లీ వెళ్లొచ్చు. పాత మర్రి, మాను చుట్టూ దారాలు, గుడ్డ పీలికలు, చిన్న చిన్న ముడుపులు. ఇదే చెట్టుని ఇంతకుముందు 70-200 ఎంఎం టెలీ లెన్స్‌తో, దారాలు లేని వెనక వైపు నుంచి, ఊడల మీద ఎండ పడేటప్పుడు తీసి ఉన్నా. ఈసారి కూడా అలవాటు కొద్దీ కాళ్లు అటే పోయాయి. మొదలు దగ్గర కూచున్న ఒక ముసలావిడ చాలాసేపు నన్నే చూసి అడిగింది.

"ఏమ్మా, ముడులు కనపడకుండా అటేపునుంచి తీస్తావేం?"

"ఇటు వెలుతురు బాగుంది పెద్దమ్మా."

"వెలుతురు ఇటు కూడా వస్తది, పొద్దెక్కనీ. నీ తొందర నీది."

పొద్దెక్కనిచ్చా. ముందు వైపుకి నిజంగానే ఎండ వచ్చింది, పక్కనుంచి కాకుండా పైనుంచి, ఆకుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా. ఇలాంటి వెలుతురుని హార్ష్ అని కొట్టేస్తాం, తెలుపు తెల్లగా ఎగిరిపోతుంది, నీడలు నల్లబడిపోతాయి. స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటి వెలుతురే కొలవడం) పెట్టి ఒక తెల్ల దారం మీద రీడింగ్ తీసుకుని దానికి ఒకటిన్నర స్టాప్ ఎక్కువిచ్చా (వెలుగు రెట్టింపైతే ఒక స్టాప్), హైలైట్స్, అంటే బాగా వెలిగే భాగాలు, నిలిచాయి, నీడలు రా ఫైల్లో (కెమెరా ఇచ్చే అసలు ఫైల్) తర్వాత లేపుకోవచ్చు. 35 ఎంఎం వైడ్ లెన్స్ పెట్టుకుని దగ్గరికి వెళ్లా. టెలీతో దూరం నుంచి తీస్తే చెట్టు ఒక ఆకారం, 35తో దగ్గర నిలబడితే చెట్టు ఒక చోటు, దాని కింద మనుషులు నిలబడతారు, కూచుంటారు, ఆవిడ కాలి వేళ్లు కూడా ఫ్రేమ్‌లో ఓ మూలకొస్తాయి. ఉంచేశా (ఆవిడ్ని అడిగాకే, నవ్వి ఊరుకుంది).

తర్వాత 100 ఎంఎం మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా చూపించేది) బయటికి తీశా. నూలు దారాలు వానకి ఎండకి పీచు పీచై వేలాడుతున్నాయి, కొన్ని ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. నైలాన్ దారం ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. అది ఒక చిన్న కొమ్మ చుట్టూ బిగుతుగా ఉంది, కొమ్మ లావెక్కుతున్న కొద్దీ బెరడు దారానికి రెండు వైపులా ఉబ్బి, ఒకచోట దారాన్ని పూర్తిగా మింగేసింది, రంగు మాత్రం ఓ గీతలా కనిపిస్తోంది. ఆకులు తయారుచేసిన ఆహారం కిందకి దిగేది బెరడుకి సరిగ్గా లోపల ఉండే పొరలోంచే, చుట్టూ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అంటే చెట్టుని దేవుడని కట్టిన దారమే కొమ్మ గొంతు నొక్కుతోంది. ఈ ఫోటో కచ్చితంగా ఉంటుంది సీరీస్‌లో. భక్తిని గొప్పగా చూపించాలని దీన్ని పక్కన పెట్టను, మూఢనమ్మకం అని వేలెత్తి చూపడానికీ వాడను, నూలు దారాల ఫోటో పక్కనే దీన్నీ పెడతా, అంతే. ఎఫ్11 (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి), ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసి అన్నీ కలపడం), గాలి ఆగినప్పుడల్లా కొన్ని ఫ్రేములు, చాలా ఓపిక పట్టింది.

చెట్లకి ఇలా కట్టడం ఏదో ఒక్క చోటి సంగతి కాదు. ఐర్లండ్‌లో పవిత్రమైన బావుల పక్క చెట్లకి గుడ్డ పీలికలు కడతారు, జపాన్‌లో పెద్ద చెట్ల చుట్టూ గడ్డితో పేనిన షిమెనవ తాడు కడతారు. ఇథియోపియా ఉత్తర భాగంలో ఆర్థడాక్స్ చర్చిల చుట్టూ మిగిలిన అడవులున్నాయి, చుట్టుపక్కల అంతా పొలాలైపోయినా చర్చి చుట్టూ అడవి నిలిచింది, పైనుంచి తీసిన ఫోటోల్లో ఎండిన పొలాల మధ్య పచ్చటి గుండ్రాలు కనిపిస్తాయి. ఆ ఫోటోలు చూసి మొదట డిజైన్‌కి మురిసిపోతాం, కానీ ఆ గుండ్రం ఎందుకు నిలిచిందో పైనుంచి కనపడదు, లోపల ప్రార్థన చేసేవాళ్ల ఎత్తు నుంచి చూస్తేనే కనపడుతుంది. ఆ ఎత్తే నా ఎత్తు అని తీర్మానించుకున్నా, ఈ ప్రాజెక్ట్‌లో డ్రోన్ లేదు.

మేఘాలయలో మాఫ్లాంగ్ పవిత్రవనం సంగతి చదివాక ఇంకో రూల్ పెట్టుకున్నా. ఆ వనంలోంచి ఆకు కూడా బయటికి తీసుకెళ్లకూడదని ఖాసీల నమ్మకం. మనం ఫోటో తియ్యడానికి ముందు ఫోర్‌గ్రౌండ్‌లో ఉన్న ఎండు పుల్ల ఏరి పారేస్తాం, అడ్డొచ్చిన కొమ్మ వంచుతాం, ఫోటోగ్రాఫర్లు దీన్ని గార్డెనింగ్ అంటారు. అది మానేశా, ఎక్కడికెళ్లినా. పుల్ల అడ్డొస్తే నేనే జరుగుతా. దీనివల్ల ఫ్రేములు కొంచెం చిందరవందరగా వస్తున్న మాట నిజం, కానీ మొదట్లో నాకు గజిబిజిగా అనిపించినవి ప్రింట్ తీసి గోడకి పెట్టుకుంటే కొన్ని రోజులకి కన్ను అందులోకి దారి వెతుక్కుంటోంది. శుభ్రంగా ఉన్న ఫోటోలకి అంతసేపు చూసే పని ఉండదు.

నీళ్లు

ఎక్కువ పని పట్టిందీ, ఎక్కువ నేర్పిందీ ఈ భాగమే.

నీళ్ల దగ్గరికి వెళ్లగానే చేతికొచ్చేది పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్‌లోకి వెళ్లే వెలుగు తగ్గించే నల్లద్దం. లెక్క తేలికే, ఒక్కో స్టాప్‌కీ టైమ్ రెట్టింపు, పది స్టాపులంటే వెయ్యి రెట్లు, సెకనులో 60వ వంతు ఉండాల్సిన ఎక్స్‌పోజర్ దాదాపు 16 సెకన్లు అవుతుంది. అలలు నున్నగా అయిపోతాయి, అందరికీ తెలిసిందే. అంత టైమ్‌లో కదిలే మనుషులు కూడా కరిగిపోతారన్నది మనం అంతగా పట్టించుకోం, రెండు మూడు నిమిషాలు తెరిచి ఉంచితే నడిచేవాళ్లు దాదాపు మాయమైపోతారు. తెల్లవారుజామున రేవులో స్నానాలు చేసేవాళ్లు నిండుగా ఉన్నారు, మూడు నిమిషాలకి షటర్ మూసుకున్నాక స్క్రీన్ మీద చూస్తే మెట్లు, నీళ్లు, పొగమంచు, ఒక్క మనిషి లేరు. నది అందంగా ఉంది, ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత కోసం వచ్చి, నడుముల్లోతు నీళ్లలో నిలబడి, దోసిలి పట్టిన వాళ్లందర్నీ నా ఫిల్టర్ తీసేసింది.

ఇక అక్కణ్ణుంచి షటర్ స్పీడ్‌నే సబ్జెక్ట్ చేసుకున్నా. ట్రైపాడ్ కదపలేదు, ఫ్రేమ్ మార్చలేదు, టైమ్ ఒక్కటే మార్చుకుంటూ పోయా. సెకనులో 500వ వంతు పెడితే చిమ్మే ప్రతి చుక్కా విడిగా నిలబడింది, అది స్పోర్ట్స్ ఫోటోలా ఉంది, అందులో దణ్ణం లేదు. 16 సెకన్లకి మనుషులు పొగ. మధ్యలో 4వ వంతు నుంచి అర సెకను దాకా ఒక చోటుంది, నీళ్లు కదులుతున్నట్టు ఉంటాయి, చేతులు కదిలి మసకబారతాయి, కళ్లు మూసుకుని కదలకుండా నిలబడ్డవాళ్ల ముఖం మాత్రం షార్ప్‌గా వస్తుంది. ఎవరు నిశ్చలంగా ఉన్నారో వాళ్లే ఫోటోలో మిగులుతారు. ఇది నేను ప్లాన్ చేసింది కాదు, వెనక్కొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తుంటే ఒళ్లు జలదరించింది. ఇప్పుడు నీళ్ల భాగం అంతా ఈ రేంజ్‌లోనే తీస్తున్నా, మూడు స్టాపుల ఎన్‌డీ చాలు, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగుకి స్పందించే స్థాయి) 100, ఎఫ్8 నుంచి ఎఫ్11.

ఖాళీ నీళ్లు తియ్యకూడదని నా ఉద్దేశం కాదు. జపాన్ ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోతో 1980 నుంచి సముద్రాలు తీస్తున్నాడు, సరిగ్గా మధ్యలో దిగంతరేఖ, పైన గాలి, కింద నీళ్లు, పడవ లేదు, ఒడ్డు లేదు. ఆదిమానవుడు చూసిన దృశ్యాన్ని ఇవాళ్టి మనిషి చూడగలడా అన్న ప్రశ్నతో మొదలుపెట్టానని ఆయనే చెప్పాడు. అక్కడ ఖాళీకి ఒక కారణం ఉంది, ఆయన దానికోసం సముద్రాలు సముద్రాలు తిరిగాడు. నా ఖాళీకి కారణం లేదు, అలవాటే ఉంది, తేడా అక్కడ.

జపాన్‌లోనే నాచి జలపాతం ఉంది, 133 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. అక్కడ జలపాతమే దేవత, అందుకని ఆ జలపాతాన్ని కొలిచే గుడికి మామూలుగా ఉండాల్సిన గర్భాలయమే లేదు. నీళ్లు కిందకి దూకే చోట, పైన అంచు మీద, షిమెనవ తాడు కట్టి ఉంటుంది. ఇప్పుడు ఒక ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్‌గా ఆలోచించండి, ఆ తాడు ఫ్రేమ్‌లో ఉంచుతారా, పై అంచు కొద్దిగా క్రాప్ చేసి తప్పిస్తారా? తాడు లేకపోతే అది ఎత్తైన జలపాతం. తాడు ఉంటే ఎవరో దాన్ని చూసి ఆగి, ఇక్కణ్ణుంచి వేరే అని గుర్తు పెట్టిన చోటు. నేనైతే తాడుకే ఫోకస్ పెడతా.

కొండ

కొండ ఫోటో అనగానే వ్యూపాయింట్ అంటాం. ఒక చోట నిలబడి, శిఖరం ఫ్రేమ్‌లో ఎక్కడ పడాలో చూసుకుని, వెలుగు కోసం ఆగి తీస్తాం. శిఖరం మీద ఇంత గురి ఎందుకు అనేది కైలాసం గురించి ఆలోచిస్తుంటే తట్టింది. 6,638 మీటర్ల ఎత్తు, హిమాలయాల్లో దానికంటే ఎత్తైనవి ఎన్నో ఎక్కేశారు, దీని శిఖరం మాత్రం ఎవరూ ఎక్కినట్టు నమోదు కాలేదు. హిందువులు, బౌద్ధులు, జైనులు, టిబెట్ పాత మతమైన బోన్ మతస్తులు అందరూ దాని చుట్టూ తిరుగుతారు, దాదాపు 52 కిలోమీటర్ల దారి, బోన్‌వాళ్లు మాత్రం హిందువులు, బౌద్ధులు తిరిగేదానికి ఎదురు దిశలో. నేపాల్‌లో మచ్ఛపుచ్ఛ్రే కూడా అంతే, 1957లో వెళ్లిన జట్టు కొనకి కొద్ది దూరంలోనే ఆగి వెనక్కి వచ్చేసింది, తర్వాత ఎక్కడానికి అనుమతులు లేవు. 1955లో కాంచన్‌జంగ మొదటిసారి ఎక్కిన జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ ఇద్దరూ సిక్కిం రాజుకిచ్చిన మాట ప్రకారం ఆఖరి కొన మీద కాలు పెట్టకుండా ఆగారు. వాళ్లు ఆగిన ఆ చివరి అడుగులు ఫోటోగ్రఫీలో ఎలా ఉంటాయో చూడాలనిపించింది.

అందుకని ఒక చిన్న కొండ చుట్టూ నడిచా, 50 ఎంఎం ఒక్కటే తీసుకెళ్లా, కొండ ఎప్పుడూ కుడి చేతి వైపే ఉండాలి, వెనక్కి రాకూడదు, అంటే వదిలేసిన ఫ్రేమ్ వదిలేసినట్టే. ఒక వైపు ఎండ ముఖాన, రాళ్లు చదునుగా, నీడల్లేకుండా. ఇంకో వైపు ఎదురు వెలుతురు, కొండంతా నల్లటి ముద్ద. వ్యూపాయింట్ నుంచి తీసేటప్పుడు నచ్చని వెలుతురు ఉంటే రేపు వస్తాలే అనుకుంటాం, ఇక్కడ ఆ వీలు లేదు, కొండ ఎలా కనిపిస్తే అలా ఒప్పుకోవాలి. శిఖరం చాలా ఫ్రేముల్లో అసలు కనపడలేదు. వచ్చిన ఫోటోల్ని ఒక పొడవాటి పట్టీలా అతికించి చూశా, ఏ ఒక్కటీ గొప్ప ఫోటో కాదు, పట్టీ మొత్తం మాత్రం నేను కొండ మీద ఇప్పటిదాకా చేసిన పనిలోకెల్లా నచ్చింది. ఎదురు దిశలో కూడా ఒకసారి నడిచి తియ్యాలి, అప్పుడు వెలుతురు క్రమం తిరగబడుతుంది, రెండు పట్టీలు కిందా పైనా పెట్టాలని ఆలోచన.

గుడ్లగూబ

నా కలెక్షన్‌లో పక్షులు బోలెడున్నాయి, గుడ్లగూబ లేదు. దొరకక కాదు. చిన్నప్పుడు విన్న మాట, అది ఇంటిమీద వాలితే మంచిది కాదని, నేను నమ్మనని అనుకుంటూనే కెమెరా ఎత్తలేదన్నమాట. వేరేచోట్ల ఇదే పక్షి జ్ఞానానికి గుర్తు, ఏథెన్స్ పాత వెండి నాణేల మీద ఒక వైపు అథీనా దేవత, వెనక వైపు గుడ్లగూబే, గ్రీసు ఒక యూరో నాణెం మీద ఇప్పటికీ ఆ బొమ్మే ఉంది.

ఒక పాత చెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబ ఉంటే 400 ఎంఎంతో, ఫ్లాష్ లేకుండా, పిలుపుల రికార్డింగ్ పెట్టకుండా, దూరంగా కూచుని తీశా. చూస్తూ కూచున్నాక అర్థమైంది భయం ఎక్కణ్ణుంచి వస్తుందో. మిగతా చాలా పక్షులకి కళ్లు పక్కలకుంటాయి, దీనికి మనలాగ ముందుకుంటాయి. కళ్లు గుంతల్లో తిరగవు కాబట్టి చూడాలంటే తల మొత్తం తిప్పాలి, 270 డిగ్రీల దాకా తిప్పుతుంది, అలా తిప్పి మన మీద ఆపుతుంది. పైగా రెప్ప మనలాగే పైనుంచి కిందకి వాలుస్తుంది, మిగతా పక్షుల్లో ఎక్కువగా కింది రెప్ప పైకొస్తుంది. అంటే అది ముఖంలా ఉంటుంది, ఎవరో మనల్ని చూస్తున్నట్టు. కొందరికి అది అపశకునమైంది, కొందరికి జ్ఞానమైంది, చూపు ఒకటే. రెప్ప సగం వాలిన ఫ్రేమ్ ఎంచుకున్నా, ఫోకస్ ఎడమ కంటి మీద, ఐఎస్‌ఓ 3200 గ్రెయిన్ అలాగే ఉంచేశా. చెప్తే నమ్మరు గానీ ప్రింట్ ఇంట్లో గోడకి పెట్టడానికి మాత్రం మనసు ఇంకా తటపటాయిస్తోంది, ఆ తటపటాయింపు కూడా క్యాప్షన్‌లో రాస్తున్నా.

తియ్యనివి

ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద రాతికొండ చుట్టూ నడిచే దారిలో కొన్ని చోట్ల ఫోటో తియ్యొద్దని బోర్డులుంటాయి. అక్కడి అనంగు ప్రజలకి ఆ రాతి మీద గీతలు, గుంతలు పవిత్ర గ్రంథంతో సమానం, వాటిని ఆ చోటే చూడాలి తప్ప ఇంకెక్కడా చూడకూడదు. 1985 అక్టోబర్ 26న ఆ భూమి తిరిగి వాళ్ల చేతికొచ్చింది, 2019లో అదే తారీఖున రాయి ఎక్కడం ఆగిపోయింది. ఎక్కొద్దు అంటే మనకి అర్థమవుతుంది, ఫోటో కూడా వద్దు అంటే ఫోటో ఏం చేస్తుందని అంటాం. చోటుని దాని చోటు నుంచి పెకలించి తీసుకుపోతుంది, అదే చేస్తుంది.

నా ప్రాజెక్ట్‌లో కూడా వద్దన్న చోట్లున్నాయి. అడిగా, వద్దన్నారు, కెమెరా బ్యాగ్‌లో పెట్టా. వాటి బదులు సీరీస్‌లో నల్లటి ఖాళీ పేజీ పెడితే బాగుంటుందని ఒక ఫ్రెండ్ అన్నాడు, నాకు నచ్చలేదు, వాళ్లు వద్దన్నదాన్ని కూడా మన ఆర్ట్ చేసేసుకోవడం అది. ఏమీ పెట్టను. జీపీఎస్ ట్యాగులు కూడా ఎక్స్‌పోర్ట్‌లో తీసేస్తున్నా, అన్నిటికీ.

వరస పెట్టడం

చిన్న ప్రింట్లు తీసి నేల మీద పరిచి అటూ ఇటూ జరుపుతున్నా. ఒక ఫోటో, చెరువులో చెట్టు నీడ, తిరగేసి పెడితే బాగుందని అనిపించి తిప్పా, వెంటనే కింద ఏది, పైన ఏది అనేది కూడా నమ్మకమే కదా అనిపించింది. 1968 డిసెంబర్ 24న చంద్రుడి చుట్టూ తిరుగుతూ బిల్ ఆండర్స్ తీసిన భూమి ఉదయించే ఫోటో అందరం చూశాం, కింద చంద్రుడి నేల, పైన సగం వెలిగిన భూమి. ఆయన తీసినప్పుడు చంద్రుడి అంచు నిలువుగా, కుడి పక్కన ఉంది. మనకి నేల కిందే ఉండాలి కాబట్టి తిప్పి అచ్చేశారు. అంతరిక్షంలో కింద అనేది లేకపోయినా మనం దాన్ని వెంట తీసుకెళ్లాం. చెరువు ఫోటో తిప్పే ఉంచా.

క్యాప్షన్లకి ఒక పద్ధతి పెట్టుకున్నా. 'అని ఇక్కడివాళ్లు నమ్ముతారు' అని రాయను, అలా రాస్తే మనమేదో పైన కూచున్నట్టు ఉంటుంది. వాళ్లు చెప్పింది వాళ్లు చెప్పినట్టే, దాని కింద నేను ఎక్కడ నిలబడ్డానో, ఏ లెన్స్, ఎంత టైమ్, ఏం తీసేశానో. నా సెట్టింగులు కూడా నమ్మకాలే కాబట్టి వాటినీ ఆ వరసలోనే పెట్టాలి.

ఇప్పుడు చేతిలో ఉన్నది: ఆకాశం

చివరి భాగం రాత్రి ఆకాశం, ఇంకా సగంలో ఉంది. 24 ఎంఎం, ఎఫ్2.8, 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చే టైమ్, అంటే 20 సెకన్లకి అటూ ఇటూ, అంతకంటే ఎక్కువైతే చుక్కలు గీతలవుతాయి. పాలపుంత ఫోటోలు ఎడిట్ చేసేటప్పుడు అందరం చేసేది ఒకటే, వెలుగున్న చోట ఇంకా వెలుగు పెంచడం, చుక్కని చుక్కతో కలిపి చూసే అలవాటు కదా మనది, సప్తర్షులైనా అంతే. ఆస్ట్రేలియా ఆదివాసులు పాలపుంతలో ఈము పక్షిని చూస్తారు, చుక్కల్లో కాదు, వాటి మధ్య నల్లటి మచ్చల్లో, కోల్‌శాక్ అనే నల్లటి మబ్బు దాని తల. పెరూలో ఇంకాలు కూడా అలాగే నల్లటి మచ్చల్లో లామాని చూశారు. అదే ఆకాశం, అదే రా ఫైల్, కానీ వాళ్ల కంటితో ఎడిట్ చెయ్యాలంటే స్లయిడర్లన్నీ ఎదురు తిప్పాలి. చుక్కల్ని తగ్గించి, ధూళి ఉన్న నల్లటి పాయల్లో డీటెయిల్ నిలబెట్టాలి, మాస్కులు మళ్లీ మొదటి నుంచి గియ్యాలి. ఒక ఫైల్ మీద మొదలుపెట్టా, నలుపులో నాయిస్ బాగా లేస్తోంది, సింగిల్ షాట్‌తో కుదిరేలా లేదు. వచ్చే అమావాస్యకి స్టార్ ట్రాకర్ (చుక్కల కదలికతో పాటు కెమెరాని తిప్పే పరికరం) పెట్టి ఎక్కువ ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి కలిపి స్టాక్ చేస్తా, అప్పుడు రెండు వెర్షన్లూ ఒకే సైజులో, ఒకే పేపర్ మీద ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి.